"ప్రియా" పోయి "అయ్యా"... ఆ తర్వాతి "బౌనే" సంగతేమిటి?

అరసున్న: రెండు రోజులుగా ఒక ముక్క బుర్ర తినేస్తోంది. గురజాడ కథ "దిద్దుబాటు"లో, "అయ్యా" అని మొదలుపెట్టి భార్య కమలిని రాసిన ఉత్తరం విప్పగానే గోపాలరావు అనే మాట: "ప్రియా పోయి అయ్యా కాడికి వచ్చెనా? బౌనే!" ఆ చివరి మాట బాగు నుంచి వచ్చిందా, అవును నుంచా?

తాటిబెల్లం: బాగే. మా శ్రీకాకుళం వైపు ఇప్పటికీ "బౌగున్నాది" అంటాం. మా అమ్మమ్మ, పాలు విరిగితే గిన్నెలోకి చూసి "బౌనే ఉంది" అనేది. మెప్పు కాదు, ఎత్తిపొడుపు.

శకటరేఫ: "బహు" నుంచే "బౌ" వచ్చిందని నా లెక్క. "మరీ ఇంతా!" అని అర్థం.

తాటిబెల్లం: మరి "బహు"కి ఆ "నే" ఎక్కడ తగులుకుందండీ?

శకటరేఫ: "బాగు"కి ఎక్కడ తగులుకుందో ముందు మీరు చెప్పండి.

గచ్చకాయ: బౌనే తర్వాత తేల్చుకోండి. అసలు పట్టు దాని పక్కనుంది. అయ్యగారి మాట విని నౌకరు రాముడు "పోయినాదా బాబూ?" అని గతుక్కుమంటాడు. ఈయన పోయిందంటున్నది పిలుపు, వాడికి వినబడింది మనిషి. గోపాలరావుకి ముందు తగిలింది సంబోధన మారడం, ఆ తర్వాతే ఇల్లు ఖాళీ అవడం. ఆ ఒక్క మాటతో మనిషి మొత్తం బయటపడ్డాడు.

అరసున్న: ఉత్తరం భాష కూడా చూడండి. మిగతా కథలో మాటలన్నీ వాడుకలో ఉంటే ఆవిడ రాసింది మాత్రం గ్రాంథికం. మొగుడు నేర్పిన చదువుతోనే మొగుడికి వాత. "దిద్దు" అంటే పలక మీద దిద్దించడం కూడా కదా.

పొన్నగంటి కూర: "దిద్దుబాటు" తెలుగులో తొలి కథ అని ఎవరైనా అనకముందే చెబుతున్నా. ఇది 1910, ఆంధ్రభారతి. భండారు అచ్చమాంబ "ధనత్రయోదశి" 1902.

గచ్చకాయ: ఎవరూ అనలేదండీ.

పొన్నగంటి కూర: అంటారు.

శకటరేఫ: ఆ 1910లోనే, ఆ పత్రికలోనే గురజాడ కవిత "ముత్యాల సరములు" వచ్చింది. తోకచుక్క గురించి అక్కడా మొగుడూ పెళ్లాల సంభాషణే! అడిగే ఆడవాళ్లని గురజాడలా రాసినవాడు లేడు. ఆయన కవితలోని పూర్ణమ్మని తలుచుకుంటే నాకు ఇప్పటికీ...

తాటిబెల్లం: మాష్టారూ, పూర్ణమ్మ దగ్గరికి వెళ్తే తెల్లారిపోతుంది. నాకు నచ్చేది "దిద్దుబాటు" మొదట్లో తలుపు. గోపాలరావు అర్ధరాత్రి ఒంటిగంటకి వచ్చి "తలుపు! తలుపు!" అంటాడు, తీసేవాళ్లు లేరు. తీరా తోస్తే తెరుచుకుంటుంది. గడియే లేదు.

గచ్చకాయ: ప్రతి తలుపునీ ప్రతీక చేస్తే ఎలాగండీ? నా ఓటు మంచానికి. ఇల్లు వదిలి వెళ్లానని రాసిన మనిషి ఆ గదిలోనే మంచం కింద దాక్కుని, ఆయన పశ్చాత్తాపమంతా విని, చివర్లో నవ్వుతుంది. అందెల చప్పుడు సరే, ఆ నవ్వు అంత తేలిగ్గా ఎలా వచ్చిందావిడకి? సానిపాటకి పోయి మీటింగులని అబద్ధం చెప్పినవాడికి ఒక్క రాత్రితో మాఫీయా? దిద్దుబాటు ఆయనదా, మనదా?

పొన్నగంటి కూర: నిజంగా వెళ్లిపోయి ఉంటే?

తాటిబెల్లం: అప్పుడు రాముడు అడిగింది నిజమయ్యేది.

అరసున్న: ఇంతకీ "నే" దీర్ఘమా, హ్రస్వమా? నా పాత పుస్తకంలో సరిగ్గా ఆ పేజీనే చెదలు తిన్నాయి. ఎవరి దగ్గరైనా ఉంటే ఫోటో పెట్టండి.

శకటరేఫ: హ్రస్వమైతే నేను గెలిచినట్టే.