లైసెన్సు మూడు నెలలు సస్పెండ్ అయింది: ఉద్యోగానికి వెళ్లిరావడం ఎలా?

ప్రశ్న (హాలియా, నల్గొండ జిల్లా)

మా వారు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా పనిచేస్తూ రోజూ హాలియా నుంచి బైకు మీద వెళ్లివస్తారు. హెల్మెట్ లేదని, సిగ్నల్ దాటారని, బండి నడుపుతూ ఫోన్ మాట్లాడారని వరుసగా చలాన్లు పడడంతో, ముందు సంజాయిషీ నోటీసు, తర్వాత లైసెన్సును మూడు నెలలు సస్పెండ్ చేస్తూ ఉత్తర్వు వచ్చాయి. చలాన్లన్నీ కట్టేశాము కనుక ఊళ్ల మీదుగా పోయే దారిలో నడుపుకోవచ్చని కొందరు, వేరే జిల్లాలో కొత్త లైసెన్సు తీసుకోవచ్చని మరికొందరు చెబుతున్నారు. ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి తానే దింపి వస్తానంటున్నాడు కానీ వాడికి ఇంకా పద్దెనిమిదేళ్లు నిండలేదు. వడ్లు వచ్చే కాలంలో మిల్లులో పని రాత్రి ఎప్పుడు ముగుస్తుందో చెప్పలేము. ఉద్యోగం పోకుండా ఈ మూడు నెలలు నెట్టుకొచ్చే దారి ఏదైనా ఉంటే దయచేసి తెలుపగలరు.

సమాధానం (నల్గొండ, న్యాయవాది)

అమ్మా, చలాను కట్టడం వేరు, లైసెన్సుపై చర్య వేరు. జరిమానా చెల్లించినంత మాత్రాన సస్పెన్షన్ రద్దు కాదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్ లేకపోవడానికే మూడు నెలల అనర్హత ఉంది. సిగ్నల్ దాటడం, నడుపుతూ ఫోన్ పట్టుకోవడం ప్రమాదకర డ్రైవింగ్ కిందికి వస్తాయి.

ఉత్తర్వు అమలులో ఉన్నంత కాలం ఆ లైసెన్సు చెల్లదు. ఊరి దారి అయినా హైవే అయినా తేడా లేదు. అయితే అనర్హత అన్ని రకాల వాహనాలకా, కొన్నింటికేనా అన్నది ఉత్తర్వులోనే ఉంటుంది కనుక దానిని పూర్తిగా చదవండి. అనర్హతలో ఉండి బండి నడిపినా, ఆ సంగతి దాచి మరోచోట లైసెన్సుకు దరఖాస్తు చేసినా సెక్షన్ 182 కింద మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ సమయంలో ఎవరికైనా దెబ్బ తగిలితే, బీమా కంపెనీ బాధితుడికి ఇచ్చిన పరిహారాన్ని తిరిగి మీ నుంచి రాబట్టుకునే ప్రమాదం ఉంది. నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే, ఎందుకంటే అలాంటి మొత్తం కట్టడానికి పొలం అమ్ముకోవలసి రావచ్చు.

అబ్బాయికి బండి అసలు ఇవ్వకండి. మైనరు నడిపి నేరం చేస్తే సెక్షన్ 199ఏ కింద సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది, పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు రాదు.

ఉత్తర్వు అన్యాయమని తోస్తే అందిన 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

సమాధానం (జడ్చర్ల)

చెల్లెమ్మా, మా అన్నయ్యకు ఇలాగే జరిగినప్పుడు మేము మొదట చేసిన పని యజమానికి ఉన్న సంగతి చెప్పడం. దాచి ఉంచి రోజూ ఆలస్యంగా పోవడం కన్నా అదే నయమైంది, ఆయనే పని వేళలు మార్చి ఇచ్చారు. మిల్లులో రాత్రి లెక్కలు ఇంకొకరికి అప్పగించి, మీ వారికి పగటి కాటా, రసీదుల పని ఇవ్వమని అడగండి. పగలు ఆర్టీసీ బస్సుకు నెలవారీ సీజన్ టికెట్ తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది. మిర్యాలగూడ వైపు రోజూ వెళ్లేవారిలో లైసెన్సు ఉన్నవారిని చూసుకుని, పెట్రోలు ఖర్చు పంచుకుని వెనుక కూర్చుని వెళ్లడానికి ఏ అడ్డూ లేదు, ఇద్దరూ హెల్మెట్ పెట్టుకోవాలి. రాత్రి చివరి బస్సు దాటిపోయే రోజుల్లో మిల్లులోనే పడుకునే ఏర్పాటు అడగవచ్చు. వడ్ల ట్రాక్టర్లు వెనుక లైట్లు లేకుండా నిలిచే ఆ రోడ్డు మీద రాత్రి బండి తప్పించుకోవడం ఎలాగూ మంచిదే.

గంటకు 25 కిలోమీటర్లు మించని, 250 వాట్లలోపు మోటారున్న తేలికపాటి ఎలక్ట్రిక్ బండికి లైసెన్సు అక్కర్లేదు. ఇంటి నుంచి బస్టాండు వరకైతే అది పనికొస్తుంది, మిర్యాలగూడ దాకా వద్దు. కొనేముందు ఆ పరిమితులు నిజంగా ఉన్నాయో లేదో కాగితాల్లో చూడండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. చలాన్లు నిజమైనవే కనుక అప్పీలుకు వెళ్లడం లేదు. అబ్బాయి దగ్గర తాళం తీసేసుకున్నాను. గడువు ముగిసిన రోజున లైసెన్సు దానంతట అదే తిరిగి వస్తుందా?

సమాధానం (నల్గొండ, న్యాయవాది)

రాదమ్మా. సెక్షన్ 19 ప్రకారం గుర్తింపు పొందిన డ్రైవింగ్ స్కూలులోనో, నోటిఫై చేసిన మరో సంస్థలోనో రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేస్తేనే లైసెన్సు తిరిగి ఇస్తారు. చివరి వారం దాకా ఆగకుండా ఇప్పుడే నల్గొండ రవాణా కార్యాలయంలో ఏ స్కూలులో చేరాలో కనుక్కోండి. శిక్షణ పత్రం, ఉత్తర్వు ప్రతి, చలాన్ల రసీదులు ఒకే ఫైలులో ఉంచండి. లైసెన్సు చేతికి వచ్చి, ఆన్‌లైన్‌లో అది చెల్లుబాటులో ఉన్నట్టు కనిపించేవరకు బండి బయటకు తీయకండి.