వెయిటింగ్ లిస్టు రాసే అతని చేతిలో 200 పెట్టాం. తప్పు చేశామా?

కూకట్‌పల్లి అల్లుడు:

పోయిన ఆదివారం సంగతి. అత్తయ్య గారు, మామయ్య గారు తెనాలి నుంచి వచ్చారు. మా బావమరిది వాళ్లు, మేము కలిపి ఎనిమిది మందిమి. మధ్యాహ్నం ఒంటిగంటకి బిర్యానీ తిందామని పేరున్న హోటల్‌కే వెళ్లాం (ఏ హోటలో ఎందుకు లెండి). బయట మెట్ల మీద, ఆపిన స్కూటర్ల మీద, పాన్ డబ్బా నీడలో, ఎక్కడ చూసినా జనమే. తలుపు దగ్గర ఒకతను నోటుబుక్కు పట్టుకుని పేర్లు రాసుకుంటున్నాడు. మా ముందు పదకొండు పేర్లున్నాయి. "గంట పడుతుంది సార్" అన్నాడు, తల ఎత్తకుండా.

మామయ్య గారికి షుగర్. వెళ్లగానే తినేస్తాం కదా అని మాత్ర ఇంటి దగ్గరే వేసుకొచ్చారు. ఒకటిన్నర దాటేసరికి ఆయన మాటలు ఆపేసి మెట్టు మీద కూలబడ్డారు. నుదుటి నిండా చెమట. చాక్లెట్ ఏమైనా ఉందేమో అని నేను పాప బ్యాగు వెతుకుతున్నాను. ఈలోపు మా బావమరిది వెళ్లి ఆ నోటుబుక్కు అతనికి షేక్‌హ్యాండ్ ఇచ్చి వచ్చాడు. అందులో 200 నోటు మడిచి పెట్టాడని తర్వాత తెలిసింది. ఐదు నిమిషాల్లో మా పేరు పిలిచారు.

లోపలికి వెళ్తుంటే ఒకావిడ, చంకలో చంటిపిల్లాడు, నన్ను చూసి "మీకన్నా ముందు మేం రాయించుకున్నామండీ" అంది. గొంతు కూడా పెంచలేదు. "పెద్దాయనకి ఒంట్లో బాలేదమ్మా" అన్నాను. నిజమే, ఆయనకి బాలేదు. కానీ టేబుల్ దొరికింది అందుకు కాదు కదా.

కూర్చున్నాక మా తొమ్మిదేళ్ల పాప, "నాన్నా, ఆ అంకుల్ మామయ్యకి ఫ్రెండా?" అని అడిగింది. బావమరిది నవ్వేశాడు. బిర్యానీ బాగానే తిన్నాను, అబద్ధం ఎందుకు. కానీ వారం నుంచీ అదే బుర్రలో తిరుగుతోంది.

ఇలా ఇవ్వడం మామూలేనా? ఇస్తే ఎంత, ఎవరికి? ఇవ్వకూడదంటే ఆ టైంలో ఇంకేం చేయాలి? బిల్లు 4,180 అయింది. గంటసేపు మా చుట్టూ తిరిగి వడ్డించిన కుర్రాడికి 100 పెట్టాం, తలుపు తీసినవాడికి 200. అదీ మింగుడు పడట్లేదు.

మాజీ కెప్టెన్:

పన్నెండేళ్లు హోటల్ లైన్లో ఉన్నానండీ. టేబుళ్లు తుడిచే పనిలో చేరి కెప్టెన్ దాకా వచ్చాను. మూడేళ్లు ఆ నోటుబుక్కు నా చేతిలోనే ఉంది. డబ్బులు తీసుకున్నానా అంటే, తీసుకున్నాను.

అది రేషన్ షాపు క్యూ కాదు. పేరు పక్కన ఎంతమందో రాస్తాం. ఇద్దరు కూర్చునే టేబుల్ ఖాళీ అయితే పదో నంబరులో ఉన్న జంటని పిలుస్తాం, మొదటి నంబరులో ఉన్న ఆరుగురిని అక్కడ ఇరికించలేం కదా. మీలాగా ఎనిమిది మంది వస్తే పక్కపక్క టేబుళ్లు రెండు ఒకేసారి ఖాళీ కావాలి. కాబట్టి వరస ఎలాగూ అటూ ఇటూ అవుతూనే ఉంటుంది, బయట నిలబడ్డవాళ్లకి ఆ లెక్క తెలీదు. 200 నోటు అందులో కలిసిపోతుంది.

డబ్బు తీసుకున్నాక టేబుల్ ఎక్కడి నుంచి ఊడిపడుతుంది? తినేవాళ్లని లేపాలి. లేవండి అని ఎవరూ అనరు. ప్లేటులో ఇంకా రెండు ముద్దలు ఉండగానే నిమ్మచెక్క వేసిన వేడినీళ్ల గిన్నెలు తెచ్చి పెడతాం. ఐస్‌క్రీమ్ కావాలా అని అడగం. అడగకుండానే బిల్లు, సోంపు వచ్చేస్తాయి. ఓ కుర్రాడు గుడ్డ పట్టుకుని పక్కనే నిలబడతాడు. ఇక వాళ్లే లేస్తారు.

ఆ 200 తీసుకున్నవాడి జేబులోనే ఉంటుంది. బిల్లుతో పాటు పెట్టిన టిప్పు మాత్రం మా దగ్గర డబ్బాలో వేసి రాత్రి పంచుకునేవాళ్లం, గిన్నెలు తోమేవాళ్లకీ వాటా ఉండేది. అన్ని చోట్లా అలా ఉండదనుకోండి.

ఇక మీ మామయ్య గారి విషయం. "పెద్దాయన షుగర్ మాత్ర వేసుకున్నారు, చెమటలు పడుతున్నాయి" అని ఒక్క ముక్క చెప్పి ఉంటే పైసా తీసుకోకుండా కౌంటర్ పక్కన కుర్చీ వేసి, ముందు పంచదార నీళ్లు ఇప్పించేవాణ్ణి. గుమ్మంలో మనిషి పడిపోతే మాకే కదా తలనొప్పి. ఆ నిమిషంలో ఆయనకి కావాల్సింది కుర్చీ, ఇంత తీపి. ఎనిమిది మందికి టేబుల్ కాదు.

ఏమైనా ఇవ్వాలనిపిస్తే తిన్నాక, వెళ్లేటప్పుడు ఇవ్వండి. వచ్చేసారి మొహం గుర్తుంటుంది. ఇదీ లంచమే అంటారా, అనండి.

బాలానగర్ బ్యాచిలర్:

తిరుమలలో 300 టికెట్ తీసుకుంటే వేరే లైను. దేవుడి దగ్గర లేని పట్టింపు బిర్యానీ దగ్గర ఎందుకు బ్రదర్? నేను ఎప్పుడూ 100 ఇచ్చి లోపలికి వెళ్తాను. మీరు 200 ఇచ్చి రేటు పెంచేశారు, నా బాధ అదీ.

గోదావరి గట్టు:

ఆ 300కి రసీదు ఉంటుంది నాయనా. ధర అందరికీ తెలుసు, ఏ రోజుకి, ఏ టైముకి అన్నీ టికెట్ మీదే ఉంటాయి. షేక్‌హ్యాండ్‌లో దాచి ఇవ్వక్కర్లేదు.

నా చిన్నప్పుడు రాజమండ్రిలో భోజనం హోటల్‌కి వెళ్తే పేర్లు రాయడం, పిలవడం ఏమీ లేదు. టోకెన్ తీసుకుని తినేవాళ్ల కుర్చీ వెనక నిలబడటమే. మా నాన్నగారు అందులో ఘనులు. హాల్లో అడుగు పెట్టగానే ముందు ఆకులు చూసేవారు. పప్పు కలుపుతున్నవాడి వెనక నిలబడితే నీ పని గోవిందా. సాంబారులో ఉంటే ఆలోచించాలి. పెరుగన్నంలోకి వచ్చినవాడి వెనక చేరాలి. ఒకసారి అలాగే పెరుగు దాకా వచ్చిన ఓ పెద్దమనిషి వెనక నిలబడ్డాం. ఆయన చెయ్యెత్తి వడ్డించేవాణ్ణి పిలిచి, "కొంచెం అన్నం, గోంగూర పచ్చడి" అన్నాడు. మా నాన్న మొహం చూడాలి!

అలా మెడ మీద ఊపిరి వదులుతూ నిలబడటం మర్యాదా అంటే, కానే కాదు. తినేవాడికి ముద్ద ఎలా దిగుతుంది? కానీ ఎవరి వంతు ఎప్పుడో అందరికీ కనిపించేది. నేనూ చంకలో పిల్లతో హోటళ్ల ముందు గంటలు నిలబడ్డదాన్నే. ఆవిడ మిమ్మల్ని ఆ ఒక్క మాటే అని ఊరుకుందంటే చాలా ఓర్పు ఉన్న మనిషి.

ఫ్రిస్కో నుంచి:

టెక్సాస్‌లో ఉంటాం. ఇక్కడ మన బిర్యానీ హోటళ్లలో చాలాచోట్ల తలుపు దగ్గర టాబ్లెట్‌లో ఫోన్ నంబరు కొట్టి కారులో కూర్చుంటాం. టేబుల్ ఖాళీ అయితే మెసేజ్ వస్తుంది.

నేనూ ఒకసారి న్యూయార్క్‌లో ఆ షేక్‌హ్యాండ్ ప్రయత్నం చేశాను. 20 డాలర్ల నోటు నాలుగు మడతలు పెట్టి, పేర్లు చూసే అమ్మాయి చేతికి ఇచ్చాను. ఆ అమ్మాయి నవ్వుతూ, లైన్లో అందరికీ వినపడేలా, "సర్, మీ డబ్బు పడిపోయింది" అని తిరిగి ఇచ్చేసింది. మా ఆవిడ ఈ కథ చెప్పని పార్టీ లేదు.

ఇక్కడ టిప్పు అంటే తిన్నాక ఇచ్చేదే, 18 నుంచి 20 శాతం. టిప్పులు వచ్చే పనివాళ్లకి యజమాని చేతి నుంచి ఇవ్వాల్సిన కనీస కూలి ఫెడరల్ చట్టంలో గంటకి 2.13 డాలర్లే, 1991 నుంచి పెరగలేదు. టెక్సాస్‌లో ఇప్పటికీ అదే. టిప్పులు కలిపినా 7.25 డాలర్లు రాకపోతే మిగతాది యజమాని వేయాలి. అంటే వడ్డించేవాళ్ల ఇల్లు గడిచేది టిప్పు మీదే. అందుకే మీ ప్రశ్నలో నాకు గుచ్చుకుంది ఆ కుర్రాడి 100.

బిల్లు బాబాయ్:

కుర్రాడికి ఇచ్చే ముందు బిల్లు కింద సర్వీస్ ఛార్జి ఉందేమో చూసుకున్నారా? అడగకుండా దాన్ని బిల్లులో కలపకూడదని వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జూలైలో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో అది సరైనదే అంది. ఉంటే తీసేయమనండి. తీయకపోతే 1915కి ఫోన్ చేయొచ్చు. ఆ మిగిలింది కుర్రాడి చేతికివ్వండి.

కూకట్‌పల్లి అల్లుడు:

అందరికీ థాంక్స్. మామయ్య గారు బాగున్నారు, ఆ రోజు కూల్‌డ్రింక్ రాగానే తేరుకున్నారు. సర్వీస్ ఛార్జి లేదు బాబాయ్, చూశాను.

కెప్టెన్ గారూ, మీరు రాసింది చదివాక ఒకటి గుర్తొచ్చింది. మేం వెళ్లి కూర్చునేసరికి ఆ టేబుల్ మీద సగం తాగిన లస్సీ గ్లాసు ఉంది. కుర్రాడు గబగబా తీసేశాడు.

ఈ రోజు మళ్లీ అక్కడికే వెళ్లాం. బావమరిది వాళ్లు రాలేదు, పాపని ఇంట్లో అత్తయ్య గారి దగ్గర వదిలాం, మేం ముగ్గురమే. పన్నెండుంబావుకే వెళ్లాం. మామయ్య గారు ఈసారి మాత్ర జేబులో పెట్టుకొచ్చారు. తలుపు దగ్గర అదే మనిషి. నన్ను చూడగానే నవ్వి చెయ్యి చాపాడు. షేక్‌హ్యాండ్ ఇచ్చాను. చెయ్యి వెనక్కి తీసుకుని అరచెయ్యి చూసుకున్నాడు.

"ముగ్గురం, రాసుకోండి" అన్నాను.

"నాలుగో నంబరు సార్" అన్నాడు. ఇరవై నిమిషాలు పట్టింది.