నవల ఎన్ని పేజీలుండాలి?

చదువరి: నేను రాస్తున్న నవల 420 పేజీలు దాటింది. చదివిన ఫ్రెండ్ సగానికి కోసెయ్యమంటున్నాడు, నాకేమో మనసొప్పట్లేదు. పెద్ద నవలకి ఉండే బరువు చిన్నదానికి వస్తుందంటారా?

పాతపుస్తకాలు: వస్తుందండీ. చలం మైదానం చూడండి, ఒక్క కూర్చోటంలో అయిపోతుంది, కానీ అందులో నాయిక రాజేశ్వరి గొంతు రోజులతరబడి చెవిలో ఉండిపోతుంది. అదంతా ఆమే చెప్పుకుంటుంది కాబట్టి ఊరి వర్ణనలూ చుట్టాల కథలూ అక్కర్లేదు. అదే విశ్వనాథ వారి వేయిపడగలు తీసుకోండి, సుబ్బన్నపేట అనే ఊరు, గుడి, జమీందారీ, మనుషులు అన్నీ మెల్లమెల్లగా కూలిపోవడం మనకి తెలియాలంటే ముందు ఆ ఊళ్ళో మనం కొన్నాళ్ళు కాపురం ఉండాలి కదా, అందుకే అన్ని పేజీలు పట్టాయి. పీవీ నరసింహారావు గారు దాన్ని హిందీలోకి సహస్రఫణ్ పేరుతో తెచ్చారు, అంత పెద్దదాన్ని!

రైలుప్రయాణం: నాకు మాత్రం వేయిపడగల్లో కొన్ని చర్చలు బాగా సాగదీసినట్టే అనిపించాయి, రెండుసార్లు మధ్యలో ఆపేశా. వీక్లీ సీరియల్స్ సంగతి వేరు, వారం వారం పాఠకుడికి కథ గుర్తుచెయ్యాలి కాబట్టి చెప్పిందే మళ్ళీ చెప్పేవాళ్ళు, పుస్తకంగా వేసినప్పుడు అదంతా అడ్డమే.

పాతపుస్తకాలు: అది ఒప్పుకుంటా. చదువరి గారూ, పేజీలు లెక్కపెట్టకండి, ఒక్కో సీను తీసేసి చదవండి. లోటు తెలియకపోతే అది పోవాల్సిందే.

చదువరి: థాంక్సండీ. పెళ్ళి చాప్టర్‌తో ఇవాళ రాత్రే మొదలుపెడతా, అదే 38 పేజీలుంది.