రిపోర్టులో "ల్యూకోడిస్ట్రఫీ" (మెదడులో నరాల తీగలుండే వైట్ మేటర్ పాడయ్యే జన్యు జబ్బుల గుంపు) అని రాసి ఊరుకున్నారు. ఇప్పుడు ఏ పరీక్ష పంపాలి?

పిల్లల వైద్యుడు, శ్రీకాకుళం:
రెండున్నరేళ్ల బాబు. మందస వైపు కుటుంబం, మేనరికం. తల చుట్టుకొలత 54 సెం.మీ.; ఏడాది నిండకముందే పెరగడం మొదలైంది. నడుస్తాడు, కాస్త తూలుతాడు. మంచం మీంచి పడి తలకి చిన్న దెబ్బ తగిలిన మర్నాడు ఫిట్స్ వచ్చాయి. తల్లి మాటల్లో "గుంటడు బాగానే ఆడతన్నాడు బాబూ, తలకాయే పెద్దదైపోనాది". 1.5 టెస్లా ఎమ్మారైలో, టీ2 (నీరు తెల్లగా కనిపించే బొమ్మ) మీద రెండు వైపులా వైట్ మేటరంతా తెల్లగా, ఉబ్బి ఉంది. కాంట్రాస్ట్ ఇవ్వలేదు. నా చేతిలో ఉన్నవి రెండు ఫిల్ములు. నేరుగా ఎక్సోమ్ (ప్రోటీన్లు తయారుచేసే జీన్లన్నిటినీ ఒకేసారి చదివే పరీక్ష) పంపేయనా, మళ్లీ స్కాన్ చేయించనా?

రేడియాలజిస్టు, విజయనగరం:
సార్, ల్యూకోడిస్ట్రఫీ అన్నది ఇంటిపేరు మాత్రమే, అసలు పేరు ఇంకా చెప్పలేదు. ఫిల్ములు పక్కన పెట్టి, స్కాన్ సెంటర్ నుంచి డైకామ్ సీడీ (స్కాన్ బొమ్మలన్నీ కంప్యూటర్లో చూసేది) తెప్పించండి. ఫిల్ము మీదికి ఎంచుకున్న బొమ్మలే ఎక్కుతాయి, టెంపొరల్ లోబు (చెవి వైపు మెదడు భాగం) కొసలుండే కింది స్లైసులు చాలాసార్లు అందులో ఉండవు. మీ బాబు విషయంలో చూడాల్సింది సరిగ్గా అక్కడే.

తల పెద్దది కాబట్టి మెటాక్రోమాటిక్, ఎడ్రినోల్యూకోడిస్ట్రఫీ అనే రకాలు వెనక్కి పోతాయి. ముందు వరసలో నాలుగు మిగులుతాయి. కెనవాన్‌లో మెదడు లోతున ఉండే థాలమస్, గ్లోబస్ పాలిడస్ కూడా దెబ్బతింటాయి, డిఫ్యూజన్ (నీటి కదలికను చూపే బొమ్మ)లో రెస్ట్రిక్షన్, అంటే ఆ కదలిక తగ్గడం, కనిపించవచ్చు, పైగా పిల్లాడు ఈ వయసుకి నడవడం అరుదు. అలెగ్జాండర్‌లో జబ్బు ముందు భాగంలో, అంటే ఫ్రాంటల్‌లో ఎక్కువ. వెంట్రికిల్స్ (మెదడులోని నీటి గదులు) అంచున టీ1 (నీరు నల్లగా కనిపించే బొమ్మ)లో తెల్లగా, టీ2లో నల్లగా ఒక గీత ఉంటుంది. ఎల్-2-హైడ్రాక్సీగ్లుటారిక్ అసిడ్యూరియాలో కార్టెక్స్ (మెదడు పైపొర) కింది వైట్ మేటర్‌తో పాటు సెరిబెల్లమ్ (చిన్నమెదడు)లో డెంటేట్ న్యూక్లియస్ మెరుస్తుంది.

నాలుగోది ఎమ్మెల్సీ (శాసనమండలిది కాదు లెండి): మెగలెన్‌సెఫాలిక్ ల్యూకోఎన్‌సెఫలోపతీ విత్ సబ్‌కార్టికల్ సిస్ట్స్, అంటే పెద్ద మెదడు, పాడైన వైట్ మేటర్, కార్టెక్స్ కింద నీటి సంచులు (సిస్టులు). స్కాన్ చూస్తే గుండె జారుతుంది, పిల్లాడు చూస్తే ఆడుకుంటూ ఉంటాడు. ఈ పొంతన లేకపోవడమే దీని ఆనవాలు. చిన్న దెబ్బకి ఫిట్స్ రావడం కూడా దీనికి సరిపోతుంది. టెంపొరల్ కొసల్లో సిస్టులుంటాయి: ఫ్లెయిర్ (నీటిని నల్లగా చూపే బొమ్మ)లో సీఎస్ఎఫ్ (మెదడు చుట్టూ ఉండే నీరు) లాగే నల్లగా, చుట్టూ తెల్లగా. సాజిటల్ (పక్కనుంచి చూసే కోత) టీ1లో ఇంకా తేటగా కనిపిస్తాయి.

ఎమ్మారై టెక్నీషియన్, విజయనగరం:
మళ్లీ స్కాన్ చేయాల్సి వస్తే, ఒక్క మత్తులోనే అన్నీ అయిపోవాలి. 3డీ టీ1 1 మి.మీ., యాక్సియల్ టీ2, కరోనల్ ఫ్లెయిర్, డిఫ్యూజన్, స్పెక్ట్రోస్కోపీ (మెదడులోని రసాయనాలను కొలిచేది), చివర్లో కాంట్రాస్ట్. మామూలు గాడోలినియం (కాంట్రాస్ట్ మందు) కిలోకి 0.2 మి.లీ., అంటే 12 కిలోల బాబుకి 2.4 మి.లీ. పాలు, తిండి 6 గంటల ముందు ఆపాలి, తల్లిపాలు 4, నీళ్లు 2. మందస నుంచి తెల్లారుజామున బయల్దేరేవాళ్లు దారిలో బిస్కెట్ పెట్టేస్తారు, మత్తు డాక్టరు కేసు వాయిదా వేస్తారు. అందుకని గంటలు కాగితం మీద రాసివ్వండి.

స్పెక్ట్రోస్కోపీకి 2×2×2 సెం.మీ. వాక్సెల్ (కొలిచే చోటు పెట్టె), టీఈ (సిగ్నల్ కోసం ఆగే సమయం, మిల్లీసెకన్లలో) 30తో ఒకటి, 135తో ఒకటి. దాన్ని పుర్రె ఎముక దగ్గర పెట్టొద్దు. నెత్తి చర్మం కింది కొవ్వు గ్రాఫు స్కేలు మీద 1.3 పీపీఎమ్ దగ్గర లేచి, లాక్టేట్ అనుకుని మైటోకాండ్రియా జబ్బు వెంటపడేలా చేస్తుంది. నిజమైన లాక్టేటైతే టీఈ 135లో రెండు కొసలతో తలకిందులవుతుంది. వెంట్రికిల్‌లోకి జరిగినా, సిస్టులో పడినా అన్ని పీకులూ పడిపోతాయి. 2.02 దగ్గర ఎన్ఏఏ (నరాల కణాల్లోని ఒక రసాయనం) బాగా పెరిగి ఉంటే కెనవాన్. మిగతా వాటిలో అది తగ్గుతుంది, లేదా మామూలుగా ఉంటుంది.

పిల్లల వైద్యుడు, శ్రీకాకుళం:
సీడీ తెరిచాం. రెండు టెంపొరల్ కొసల్లోనూ సిస్టులున్నాయి, కుడివైపుది పెద్దది. థాలమస్ బాగుంది. డిఫ్యూజన్‌లో రెస్ట్రిక్షన్ లేదు. తల్లికి ఇప్పుడు రెండో నెల.

జెనెటిక్స్ డాక్టరు:
అయితే మళ్లీ స్కాన్ వద్దు, ఆ మత్తూ వద్దు. దీనికి ఎంజైమ్ పరీక్ష లేదు, జీన్ పరీక్షే. మూత్రం ఆర్గానిక్ యాసిడ్స్ ఒకసారి పంపండి, చవగ్గా ఎల్-2-హైడ్రాక్సీగ్లుటారిక్ జబ్బు ఉందో లేదో తేలిపోతుంది. రక్తం ఈడీటీఏ ట్యూబు (రక్తం గడ్డకట్టనివ్వనిది)లో 3 మి.లీ., బాబుదీ తల్లిదండ్రులిద్దరిదీ కలిపి పంపండి. జెల్ ప్యాక్ సరిపోతుంది, ఫ్రీజ్ చేయొద్దు. శనివారం కొరియర్‌కి ఇవ్వకండి, ఆదివారమంతా గోడౌన్‌లో ఉండిపోతుంది.

అడగాల్సిన జీన్లు ఎమ్మెల్సీ1, గ్లియల్‌క్యామ్. అగర్వాల్ కుటుంబాల్లో ఎక్కువ అని పుస్తకాల్లో చదివి మన జిల్లాల్లో ఉండదనుకోకండి, మేనరికంలో ఎవరికైనా రావచ్చు. గ్లియల్‌క్యామ్‌లో ఒక్క కాపీ మాత్రమే చెడే రకంలో ఎమ్మారై కాలక్రమేణా బాగుపడుతుంది కూడా, కాబట్టి రిపోర్టు రాకముందే తల్లిదండ్రులకి చెడ్డ మాట చెప్పేయొద్దు.

ఎమ్మెల్సీ1 అయితే ఒక్కో కాన్పుకీ నాలుగింట ఒక వంతు ముప్పు. కడుపులో బిడ్డకి పరీక్ష 11 నుంచి 13 వారాల మధ్య మాయ ముక్కతో చేస్తారు, కానీ బాబు మ్యుటేషన్ (జీన్‌లో ఉన్న మార్పు) తెలియకుండా అది కుదరదు. రెండో నెల అంటున్నారు కాబట్టి నమూనా ఈ సోమవారమే వెళ్లాలి, ట్యూబు మీద "గర్భిణి, అర్జెంట్" అని రాయించండి. హైదరాబాద్‌లో నిమ్స్ జెనెటిక్స్ విభాగానికి ముందుగా ఫోన్ చేసి చెబితే మేలు. ఫిట్స్ మందు మానొద్దు, తలకి దెబ్బ తగలకుండా చూసుకోమనండి.