8085లో ఏడీడీ బీకి 4 టీ-స్టేట్లే ఎలా సరిపోతాయి?

ప్రశ్న:
8085 మైక్రోప్రాసెసర్ కిట్‌లో 2000 దగ్గర్నుంచి చిన్న కూడిక ప్రోగ్రామ్ ఎక్కించాను (విలువలు, అడ్రస్‌లు అన్నీ హెక్స్‌లోనే). అక్యుమ్యులేటర్‌లో 32, బీ రిజిస్టర్‌లో 14, తర్వాత ఏడీడీ బీ (బీని అక్యుమ్యులేటర్‌కి కూడేది), ఎస్‌టీఏ 2050 (ఫలితాన్ని 2050లో రాసేది), హెచ్‌ఎల్‌టీ (ఆపేది). బీలో ఒక విలువ పెట్టడానికే 7 టీ-స్టేట్లు (క్లాక్ టిక్కులు) పడుతుంటే, అసలు లెక్క చేసే ఏడీడీ బీకి 4 ఎలా చాలుతున్నాయి? ఏఎల్‌యూ (చిప్‌లో లెక్కలు చేసే భాగం) ఎప్పుడు కూడుతోంది? పైగా 2050 తెరిస్తే 46 లేదు, పాత విలువే కనిపిస్తోంది.

జవాబు 1:
టీ-స్టేట్లను తినేది లెక్క కాదండీ, మెమరీ దాకా వెళ్లి రావడం. ఆప్‌కోడ్ ఫెచ్‌లో (ఆదేశపు కోడ్‌ను మెమరీ నుంచి తెచ్చే దశలో) టీ1కి ప్రోగ్రామ్ కౌంటర్‌లోని అడ్రస్ బస్ మీదకి వస్తుంది, టీ2లో రీడ్ లైన్ సున్నా స్థాయికి దిగుతుంది, టీ3లో ఆప్‌కోడ్ ఇన్‌స్ట్రక్షన్ రిజిస్టర్‌కి చేరుతుంది, టీ4లో డీకోడర్ దాన్ని విప్పుతుంది. ఎంవీఐ బీ (బీలో విలువ పెట్టే ఆదేశం) అంటే 06 14. 06 తెచ్చాక 14 కోసం మళ్లీ మెమరీకి వెళ్లాలి, దానికి ఇంకో 3. ఏడీడీ బీ ఒక్క బైటే, 80. కూడాల్సిన రెండు విలువలూ చిప్ లోపలే ఉన్నాయి. బీ బదులు ఏడీడీ ఎం (మెమరీలోని విలువను కూడేది) రాస్తే అదీ 7 అవుతుంది.

జవాబు 2:
పై జవాబుకి ఒక ముఖ్యమైన సంగతి కలపాలి. ఏడీడీ బీ కూడిక ఆ 4 టీ-స్టేట్లలోనే పూర్తికాదు. ప్రాసెసర్ తర్వాతి ఆప్‌కోడ్ తెచ్చుకుంటూ ఉండగా ఏఎల్‌యూ పని ముగించి, ఫలితాన్ని అక్యుమ్యులేటర్‌లో పెడుతుంది. ఫెచ్‌కి కావలసింది బయటి బస్, కూడికకి కావలసింది లోపలి దారి. ఒకదానికొకటి అడ్డు రావు కాబట్టే ఇది కుదురుతుంది. తర్వాత జేసీ, జేజెడ్ (ఫలితాన్ని బట్టి వేరే చోటికి దూకే ఆదేశాలు) ఉన్నా వాటికి అవసరమయ్యే వేళకి ఫ్లాగులు (ఫలితం ఎలా ఉందో చెప్పే బిట్లు) సిద్ధంగా ఉంటాయి.

జవాబు 3:
మీ ఎస్‌టీఏ బైట్లు చూడండి. 32 20 50 అని కొట్టి ఉంటారు (ఇక్కడ 32 ఎస్‌టీఏ ఆప్‌కోడ్). 8085 అడ్రస్‌లో కింది బైటు ముందు రావాలి: 32 50 20. తిరగేస్తే ఫలితం 5020కి పోతుంది. కిట్‌లో అక్కడ ర్యామ్ లేకపోతే ఆ రాత ఎక్కడా నిలవదు, ఎర్రర్ కూడా చూపించదు.
 

అడిగినవారు:
అవునండీ, 32 20 50 అనే ఉంది. మార్చాక 46 వచ్చింది. ఎస్‌టీఏకి ఎన్ని టీ-స్టేట్లు?

జవాబు 3:
13. ఫెచ్ 4, అడ్రస్ బైట్లు చదవడానికి 3+3, రాయడానికి 3. మీ ప్రోగ్రామ్ మొత్తం 7+7+4+13+5, అంటే దశాంశంలో 36. క్రిస్టల్ 6 మెగాహెర్ట్జ్ అయితే లోపలి క్లాక్ అందులో సగం, 3. కాబట్టి 12 మైక్రోసెకన్లు.