సోయా ఏర్లకు బుడిపెలు ఉన్నయ్, యూరియా ఏయాల్నా?

దెగ్లూర్ రైతు:
అన్నా అందరికి నమస్తే, మాది దెగ్లూర్ తాలూకా, మద్నూర్ దాటంగనే మా ఊరు. నల్లరేగడిల మూడెకరాలు సోయా ఏసిన, 40 రోజులైంది, పూత మీదుంది. వారం సంది ముసురు, చేను పసుపు తిరుగుతుందని ఒక చెట్టు పీకి చూస్తే ఏర్లకు పెసర గింజలంత బుడిపెలు. బాపేమో ఏరుకు రోగం అంటుండు, మందుల దుకాణమాయన ఎకరానికి బస్తా యూరియా చల్లమంటుండు. ఏం చేయాలె?

నల్లరేగడి:
తమ్మీ ఆగు, యూరియా ఇప్పుడే చల్లకు. చెట్టును పీకితే బుడిపెలు తెగి మట్టిలనే ఉంటయ్, పారతోని మట్టితో సహా లేపి నీళ్లల కడుగు. గోటితో అంటే ఊడొచ్చిందంటే అది రైజోబియం బుడిపె (గాలిల నత్రజనిని చెట్టుకందించే బ్యాక్టీరియా ఉండే ఇల్లు), ఏరే ఉబ్బి ఊడకుంటే నులిపురుగు. ఊడినదాన్ని బ్లేడుతో కోయి. లోపల గులాబీ రంగుంటే పని నడుస్తున్నట్టు. ఆ ఎరుపు లెగ్‌హీమోగ్లోబిన్, మన నెత్తురుల ఉన్నదానికి చుట్టమే. గాలిల నత్రజనిని పట్టే ఎంజైముకు ఆక్సిజన్ తగిలితే ఖతం, అందుకే ఇది ఆక్సిజన్ను అదుపుల పెడ్తది. ఆకుపచ్చగుంటే దాని పని అయిపోయినట్టు.

బోధన్ అల్లుడు:
యూరియా దండిగ ఏస్తే చెట్టు బుడిపెలకు తిండి పెట్టుడు తగ్గిస్తది, ఫుకట్ల దొరికేదాన్ని పైసలు పెట్టి బంద్ చేసుకున్నట్టు 😄 పసుపు కింది ఆకులకా పైవాటికా? లేత ఆకుల ఈనెలు పచ్చగుండి నడుమ పసుపైతే అది ఇనుము లోపం, రేగడిల మామూలే.

దెగ్లూర్ రైతు:
కింది ఆకులకే అన్నా. కోసి చూసిన, గడ్డ దిక్కు అన్నీ ఎర్రగున్నయ్, నీళ్లు నిలిచిన పల్లంల చిన్నగ తెల్లగున్నయ్. ఇగ సోయా తీసినంక శనగకు ఎరువు అక్కర్లేదా? భూమికి బలం అంటరు కదా.

నల్లరేగడి:
పల్లంల బుడిపెలకు గాలి ఆడ్తలేదు, నత్రజని అందకనే కింది ఆకులు పసుపైతయ్, ముందుగాల నీళ్లు తీయి. ఇగ బలం ముచ్చట సగమే నిజం. సోయా గింజల దగ్గర దగ్గర 40 శాతం ప్రోటీన్, అందుల ఆరో వంతు నత్రజని. ఎకరానికి 8 క్వింటాళ్లు అమ్మితే 50 కిలోలు బండెక్కి పోయినట్టే, అంటే రెండున్నర బస్తాల యూరియా లెక్క. భూమికి మిగిలేది రాలిన ఆకు, ఏరు, పొట్టు, ఆ పొట్టును మనోళ్లు కాలవెడ్తరు. ఇంకోటి, విత్తనానికి పట్టించే సోయా రైజోబియం పాకెట్ మిగిలితే శనగకు పట్టించకు, శనగ బ్యాక్టీరియా వేరే.

దెగ్లూర్ రైతు:
సరే అన్నా, పొద్దుగాల నుంచి పల్లంల కాల్వ తీస్తున్నం. బాపు ఇంకా నమ్తలేడు గాని బ్లేడు తీస్కొని నాకన్నా ఎక్కువ బుడిపెలు ఆయనే కోసిండు.