గరికపాడు దాటగానే డ్రైవింగ్ మారుతుందంటారు, నిజమేనా?

పటమటలంక:
విజయవాడ నుంచి హైదరాబాద్ కారులో వెళ్లొచ్చినవాళ్లు చాలామంది అనే మాట ఒకటుంది. జగ్గయ్యపేట అవతల గరికపాడు చెక్‌పోస్టు దాటి తెలంగాణలో అడుగుపెట్టగానే రోడ్డు బాగుంటుందనీ, బండ్లు పద్ధతిగా పోతాయనీ. హైదరాబాద్ నుంచి వచ్చే చుట్టాలు దీన్నే తిరగేసి చెబుతారు. కోదాడ దాటి ఆంధ్రాలోకి వచ్చాకే ప్రాణం హాయిగా ఉంటుందట. ఇద్దరూ మాట్లాడేది ఒకే రోడ్డు గురించి!

నా మటుకు నాకు, బోర్డర్ దగ్గర రోడ్డూ మారదు, తోలేవాడూ మారడు. మారేవి పన్ను, జరిమానా, పోలీసు. మిగతాదంతా సొంత ఊరి మీద అభిమానమో చిరాకో.

రోడ్డు సంగతే చూడండి. చౌటుప్పల్ దగ్గర మల్కాపూర్ నుంచి మన నందిగామ దాకా, సుమారు 181 కిలోమీటర్లు, ఒకే కాంట్రాక్టు కింద జీఎంఆర్ నాలుగు వరుసలు చేసింది. 2012లో పని పూర్తయ్యేనాటికి రాష్ట్రం ఒకటే. 2014 జూన్ 2న మధ్యలో గీత పడింది గానీ తారు అదే, డివైడర్ అదే. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్లు మూడింటినీ చాలా ఏళ్లు ఆ ఒక్క కంపెనీయే నడిపింది. గుంతలు ఇటు ఉంటే అటూ ఉంటాయి. మరి ఆ తేడా ఎక్కడి నుంచి ఊడిపడుతోంది?

ఆటోనగర్ లారీ:
తమ్ముడూ, ఏసీ వేసుకుని కారులో పోయేవాడికి బోర్డర్ కనపడదు. లారీ తోలేవాడికి కనపడుతుంది.

ముందు డీజిల్ సంగతి. వ్యాట్ శాతం చూస్తే తెలంగాణదే ఎక్కువ, 27. మనది 22.25. అది చూసి మనదే చవక అనుకుంటారు. కానీ మన దగ్గర ఆ శాతం మీద లీటరుకి ఇంకో 4 రూపాయల వ్యాట్, పైన రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి. అన్నీ కలిసి బంకులో మీటరు తిరిగేసరికి కోదాడ రేటే తక్కువ తేలుతుంది. కర్ణాటక, తమిళనాడు వైపు పోతే తేడా ఇంకా ఎక్కువ. ట్యాంకులో మూడొందల లీటర్లు పట్టించేవాడికి ఒక్కసారికే వెయ్యి పైన మిగులుతుంది. అందుకే మావాళ్లు చెన్నై నుంచి ఖాళీగా వచ్చినా ట్యాంకు మాత్రం నింపుకుని వస్తారు. విజయవాడలో బంకు ఓనరు మా మొహం చూసి ఎన్నాళ్లయిందో.

ఇక చెక్‌పోస్టు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక సేల్స్ ట్యాక్స్ గేట్లు పోయాయి, అది నిజంగా గొప్ప సుఖం. అంతకుముందు వేబిల్లులు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డవాడినడుగు, బోర్డర్ అంటే ఏంటో చెబుతాడు. 2015 ఏప్రిల్ నుంచి తెలంగాణ మన బండ్లకి విడిగా పన్ను వేసింది. అప్పటిదాకా హైదరాబాద్ అంటే లోకల్ కిరాయి. తెల్లారేసరికి పరాయి రాష్ట్రం అయిపోయింది.

నువ్వు చెప్పిన కంపెనీయే, రాష్ట్రం విడిపోయాక లారీల రాకపోకలు తగ్గి నష్టపోయామని హైవే అథారిటీ మీద పరిహారానికి పోయింది. రోడ్డు వేసినవాడికే బోర్డర్ తగిలింది. నీకెందుకు తగలదు?

పటమటలంక:
అన్నా, మీరు చెప్పినవన్నీ పన్నులే కదా. నేనూ అదే అంటున్నా. తోలే పద్ధతి మారిందా లేదా, అది చెప్పండి.

అరండల్‌పేట:
గుంటూరు వాళ్లం మేం అసలు మీరు చెప్పే ఆ 65వ నంబర్ విజయవాడ-హైదరాబాద్ హైవే ఎక్కం. పిడుగురాళ్ల, దాచేపల్లి మీదుగా పొందుగల దగ్గర కృష్ణ దాటి వాడపల్లిలో దిగి, మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లిలో తేలతాం. అది రెండు రాష్ట్రాల సొంత రోడ్డు, నేషనల్ హైవే కాదు. అక్కడ బోర్డర్ అంటే గీత కాదు, ఏరు. వంతెనకి ఇటు అంచున ఒక ప్రభుత్వం, అటు అంచున ఇంకొకటి.

తేడా ఉంది. కానీ అది రాష్ట్రాల తేడా అని నేననను. ఇటు దాచేపల్లి చుట్టుపక్కల సున్నం, సిమెంటు లారీలు. వాటి వెనక పడితే అద్దం తెల్లబడుతుంది, వైపర్ వేస్తే ఇంకా అలుక్కుపోతుంది. అటు మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లుల ముందు ధాన్యం బండ్లు రోడ్డు మీదే వరస కడతాయి. కోతల సీజన్‌లో మన వైపు ధాన్యం అటు రాకుండా వాడపల్లి దగ్గర ఆపిన సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు వంతెన మీద కారువాడు కూడా ఇరుక్కుంటాడు, వాడి దగ్గర గింజ లేకపోయినా.

మిరపకాయ కోతలప్పుడు తెల్లవారుజామున ఆ దారిన వెళ్లి చూడండి. నల్గొండ వైపు నుంచి పల్నాడు చేలకి వచ్చే కూలీల ఆటోలు. ముందు సీట్లో డ్రైవర్‌కి రెండు పక్కలా ఇద్దరు, వెనక లెక్కలేనంత మంది, పైన టిఫిన్ క్యారేజీల సంచులు, వెనక లైటు ఉండదు. మంచులో ఒక్కసారిగా చీర కొంగు కనపడుతుంది, అంతే, బ్రేకు మీద నిలబడాలి. ఆ ఆటో వంతెనకి అటూ ఒకలాగే ఉంటుంది, ఇటూ ఒకలాగే ఉంటుంది. రెండు రాష్ట్రాల పోలీసులూ చూస్తారు, ఇద్దరూ వదిలేస్తారు. ఈ విషయంలో మాత్రం ఐకమత్యం.

తడ దాటాక:
నేను పుట్టింది గవర్నర్‌పేట, ఉండేది చెన్నై. విజయవాడ-చెన్నై హైవే, ఎన్‌హెచ్ 16 మీద తిరిగేదాన్ని కాబట్టి చెబుతున్నా. తెలంగాణకీ మనకీ తేడా లేదంటే ఒప్పుకుంటాను, నిన్నమొన్నటిదాకా ఒకే ఇల్లు. తడ దాటి తమిళనాడులో ఆరంబాక్కం వైపు వెళ్లండి, తేడా లేదని అప్పుడు అనండి. లారీ ఎడమ వరుసలో ఉంటుంది. హారన్ కొట్టకుండా దారి ఇస్తాడు. మన సూళ్లూరుపేట దాకా కుడి వరుసలో ఏనుగులా నడిచిన అదే లారీ అక్కడికెళ్లాక ఎడమకి జరుగుతుంది. ఇది పన్ను వల్ల వచ్చిందా?

మరీ పొగడ్త అనుకోకండి. సిటీలోకి వెళ్లాక అక్కడి బస్సులు తోలే తీరుకి మన సిటీ బస్సు డ్రైవర్లు సాధువులు. ఏపీ నంబర్ కనపడగానే ఆపి పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర్నుంచి ఫస్ట్ ఎయిడ్ బాక్సు దాకా అడిగిన చెక్‌పోస్టు ఒకటుంది, పేరు చెప్పను. అన్నీ ఉన్నాయి. ఆయన మొహంలో ఆ నిరాశ చూడాలి.

పటమటలంక:
మేడం, అదే లారీ, అదే డ్రైవర్ అని మీరే అన్నారు. అక్కడికెళ్లి మారాడంటే మనిషి మారలేదు, పట్టుకుంటారన్న భయం మారింది. ఇది నా వైపు పాయింటే.

జరిమానాల సంగతి చూడండి. 2019లో కేంద్రం మోటారు వాహనాల చట్టం సవరించి జరిమానాలు బాగా పెంచింది. హెల్మెట్ లేకపోతే వెయ్యి. మన రాష్ట్రం 2020 అక్టోబరులో పెంచుతూ జీవో ఇచ్చింది. తెలంగాణ ఆ పెంపు జోలికి పోలేదు, హైదరాబాద్‌లో హెల్మెట్ జరిమానా వందల్లోనే ఉండిపోయింది. మన లెక్క ప్రకారం హెల్మెట్లు విజయవాడలో ఎక్కువ కనపడాలి. బందరు రోడ్డు మీద సాయంత్రం ఓ గంట నిలబడండి, హైదరాబాద్ వెళ్లి పంజాగుట్టలో నిలబడండి. నేను చెప్పక్కర్లేదు. అక్కడ జరిమానా చిన్నదే, కానీ ఫొటో తీసి ఇంటికి పంపేస్తారు. తప్పించుకునే దారి లేదు. పేరుకుపోయిన చలాన్లకి 2022లో, మళ్లీ 2023 చివర్లో డిస్కౌంటు పెట్టి మరీ వసూలు చేశారు. ఇక్కడ జరిమానా పెద్దది, కానీ కానిస్టేబుల్ నిలబడిన చోటు ఊరందరికీ తెలుసు.

మా బావ హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు దాకా సీటు బెల్టు పెట్టుకుంటాడు. చౌటుప్పల్ రాగానే తీసేస్తాడు. అక్కడి నుంచి బోర్డర్‌కి ఇంకా వంద కిలోమీటర్ల పైనే ఉంది! ఆయన డ్రైవింగ్ మారింది కెమెరాలు అయిపోయిన చోట, రాష్ట్రం అయిపోయిన చోట కాదు.

టీజీ నంబర్ బండి:
అయ్యా, ఈ చర్చలో బాధితుణ్ణి నేను. కొన్నది కూకట్‌పల్లిలో, ఉద్యోగం మారి వచ్చింది భవానీపురం. చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి బండి ఉంచితే ఇక్కడ నంబర్ మార్పించుకోవాలి. ముందు అక్కడి ఆఫీసు నుంచి అభ్యంతరం లేదనే కాగితం (ఎన్‌ఓసీ), తర్వాత ఇక్కడ లైఫ్ ట్యాక్స్, ఆ తర్వాత అక్కడ కట్టినదాంట్లో మిగిలిన ఏళ్ల డబ్బు వెనక్కి ఇమ్మని మళ్లీ తిరగడం. ఒక్క కారుకి రెండు రాష్ట్రాల కౌంటర్లు. రాష్ట్రం మారినా నంబర్ మార్చక్కర్లేని బీహెచ్ సిరీస్ 2021లో వచ్చిందిగా అంటారు. అది ప్రభుత్వోద్యోగులకి, లేదా కనీసం నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీల వాళ్లకి. నాలాంటి చిన్న కంపెనీవాడికి రాదు.

బోర్డర్ ఊహే అయితే, బెంజ్ సర్కిల్ దగ్గర వంద బండ్లలో నా బండినే ఎందుకు పక్కకి తీయమంటారు?

అరండల్‌పేట:
అదే చిత్రం. పూర్వం ఏపీ 07 అంటే గుంటూరు, ఏపీ 16 అంటే కృష్ణా. ఎవడైనా అడ్డదిడ్డంగా దూరితే నంబర్ చూసి జిల్లా మొత్తాన్ని తిట్టుకునేవాళ్లం. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక ఆ సుఖం కూడా పోయింది. ఇప్పుడు తిట్టాలంటే తెలంగాణ నంబర్లు, టీఎస్, టీజీలే మిగిలాయి. అందుకే బోర్డర్ దాటాక తేడా ఎక్కువ కనపడుతోందేమో.

కృష్ణలంక కుర్రోడు:
డిక్కీ తెరిపించే సంగతి ఎవరూ ఎత్తలేదేం? 2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు దాకా ఇక్కడ మందు షాపులు ప్రభుత్వానివి, రేట్లు మండిపోయేవి, కావలసిన బ్రాండు దొరికేది కాదు. ఆ అయిదేళ్లూ హైదరాబాద్ నుంచి వచ్చే ప్రతి కారూ అనుమానితుడే. మా అమ్మమ్మ మామిడికాయ పచ్చడి జాడీ కూడా మూత తీసి వాసన చూశారు.

ఆటోనగర్ లారీ:
నవ్వులాట సరే. పన్ను, పోలీసు తప్ప ఇంకేం లేదని తేలిగ్గా అంటున్నాడు తమ్ముడు. 2021 మేలో కరోనా ముదిరినప్పుడు హైదరాబాద్ ఆసుపత్రులకి పోయే అంబులెన్సుల్ని కోదాడ దగ్గర రామాపురం క్రాస్ రోడ్డులో తెలంగాణ పోలీసులు ఆపారు. బెడ్ ఖాయమైనట్టు కాగితం, పాస్ ఉంటేనే పంపుతామన్నారు. తెలంగాణ హైకోర్టు జోక్యం చేసుకుంటే గానీ దారి వదల్లేదు. అంతకుముందు ఏడాది లాక్‌డౌన్ సడలించాక కూడా ఆర్టీసీ బస్సులు నెలల తరబడి బోర్డర్ దాటలేదు. ఎవరి బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరగాలో తేలక. చివరికి 2020 నవంబరులో ఒప్పందం కుదిరింది, చెరో 1.61 లక్షల కిలోమీటర్లు అని లెక్క సమానం చేసుకున్నారు. అన్నాళ్లూ జనం గరికపాడులో దిగి, సామాన్లు నెత్తిన పెట్టుకుని నడిచి, అటు ఆటో ఎక్కారు. వాళ్లతో చెప్పు, బోర్డర్ దగ్గర ఏమీ మారదని.

పటమటలంక:
వాళ్లతో ఆ మాట అనను అన్నా. కానీ అప్పుడు ఆపింది ప్రభుత్వాలు. అటువైపు ఆటోవాడు ఎక్కించుకున్నాడు, ఇటువైపు ఆటోవాడు దింపాడు. ఆ ఇద్దరికీ ఏం తేడా ఉందో చెప్పండి.

యానాం చూడండి. కాకినాడ పక్కనే, చుట్టూ మన రాష్ట్రమే, మాట్లాడేది తెలుగే, పాలన పుదుచ్చేరిది. పెట్రోలు బాగా చవక. బంకుల ముందు ఏపీ నంబర్ బండ్లే బారులు తీరతాయి. అక్కడ ఎవరైనా డ్రైవింగ్ మారిందంటారా? అనరు. ఎందుకంటే వాళ్లని వేరేవాళ్లుగా మనం అనుకోవడం లేదు.

ఆటోనగర్ లారీ:
యానాం బాగుంది. ఆ ఎడమ వరుస సంగతికి డ్రైవర్‌గా నేను చెబుతా. నాలుగు వరుసల రోడ్డంటే ఒక వైపుకి రెండే. ఎడమ వరుసలో పోతే ఏం వస్తుందో తెలుసా? రాంగ్ రూట్లో ఎదురుగా ట్రాక్టర్. పాపం వాడి తప్పు కూడా కాదు. చేను పక్కనే, యూటర్న్ రెండు మూడు కిలోమీటర్ల అవతల, సర్వీసు రోడ్డు లేదు. వాడు ఎదురొస్తాడు. లోడు మీదున్న బండికి బ్రేకు కొట్టి మళ్లీ గేర్లు ఎక్కించడం కంటే కుడి పట్టుకుని పోవడమే నయం. చెన్నై దగ్గర రోడ్డు ఆరు వరుసలు, అక్కడ ఎడమకి పోవడానికి భయం ఉండదు. మనిషీ కాదు, పోలీసూ కాదు తమ్ముడూ, రోడ్డు. నువ్వు మొదట్లోనే మారదని కొట్టిపారేసింది అదే.

తడ దాటాక:
అన్నగారూ, మీ లెక్క బాగానే ఉంది గానీ ఒక్క ప్రశ్న. మంగళగిరి నుంచి గుంటూరు దాకా మనదీ ఆరు వరుసలే, పక్కన సర్వీసు రోడ్లూ ఉన్నాయి. కాజ టోల్ గేటు దాటాక అక్కడ లారీలు ఏ వరుసలో పోతున్నాయి?